మిరప మొక్క ఎందుకు ముడుచుకుంది?



మన భోగాపురం పల్లెల్లో చాలా పెరళ్ళలో మిరప మొక్క ఉంటుంది. దడి పక్కన ఒకటి, నూతి గట్టున ఒకటి. చద్దన్నంలోకి పచ్చిమిరపకాయ కావాలి. చోడి అంబలిలోకి కావాలి. పులుసులోకి కావాలి. నాలుగు మొక్కలు బాగుంటే ఇంటికి సరిపడా కాయలు వస్తాయి. సంతలో డబ్బు పెట్టక్కర లేదు.

మిరప మన దేశంలో పుట్టిన మొక్క కాదు. అది అమెరికా ఖండంలో పుట్టింది. సుమారు 500 ఏళ్ళ కిందట పోర్చుగీసు వాళ్ళు ఓడల మీద తెచ్చారు. అంతకు ముందు మన వాళ్ళు కారానికి మిరియాలు వాడేవారు. ఇప్పుడు మిరప లేని వంట ఉందా?

తప్పు ఎవరిది?

మిరప మొక్క ముడుచుకుంటే మనం ఏమంటాం? "ఎవరి దిష్టో తగిలీసింది" అంటాం. "బయట ఉన్న గుంట మొక్క దగ్గరికి వెళ్ళింది, అందుకే చచ్చిపోతోంది" అంటాం. నెలసరిలో ఉన్న పిల్లను తిడతాం. ఆ పిల్ల మూలన కూర్చుని ఏడుస్తుంది. మొక్క మాత్రం బాగుపడదు.

ఆలోచించండి. మిరప తోటల్లో నారు నాటేది ఎవరు? కలుపు తీసేది ఎవరు? కాయ కోసేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్ళే గదా. వాళ్ళు నెలసరి వచ్చిందని కూలి మానుకోలేరు. ఆ చేతులు కోసిన కాయలే బస్తాలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకు పోతున్నాయి. ఆడవాళ్ళు ముట్టుకుంటే మిరప చచ్చేటట్టయితే, ఆ యార్డులో ఒక్క బస్తా అయినా ఉంటుందా?

తప్పు పిల్లది కాదు. దొంగ ఆకు వెనక ఉన్నాడు. ఆకు తిప్పి చూడండి.

ఆకు పైకి ముడిస్తే

ఆకు అంచులు పైకి లేచి, ఆకు దోనెలా అయిందా? ఇది పై ముడత. తామర పురుగులు ఆకును గీకి రసం పీలుస్తాయి. ఎండ, పొడి గాలి ఉన్నప్పుడు ఇవి ఎక్కువ. ఒక తెల్ల కాగితం కొమ్మ కింద పట్టండి. కొమ్మను తట్టండి. కాగితం మీద సన్నని గీతల్లాంటివి కదిలితే అవే తామర పురుగులు.

2021 చివర గుంటూరు, ఖమ్మం వైపు నల్ల తామర పురుగు వచ్చింది. పూలలో దూరి పూతంతా రాల్చింది. మందు మీద మందు కొట్టినా చాలా మంది రైతులకు పంట దక్కలేదు. అంత చిన్న పురుగు, అంత పెద్ద నష్టం!

ఆకు కిందికి ముడిస్తే

ఆకు అంచులు కిందికి వంగి, బోర్లించిన దోనెలా అయిందా? ఆకు కాడ సాగి ఎలుక తోకలా ఉందా? ఇది కింది ముడత. ఇది నల్లి పని. నల్లి కంటికి సరిగా ఆనదు.

ఆకు జిగురుగా ఉండి చీమలు పాకుతుంటే అది పేనుబంక. నీళ్ళు గట్టిగా కొట్టి కడిగితే చాలా వరకు పోతుంది.

మొక్క గిడసబారితే

ఆకులు చిన్నవై, మెలి తిరిగి, పసుపు పచ్చగా మారాయా? మొక్క పెరగక గుబురుగా ఉండిపోయిందా? అది వైరస్ జబ్బు. తెల్లదోమ దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. దీనికి మందు లేదు. పీకి, కాల్చేయండి. జాలి పడి ఉంచితే పక్క మొక్కలకూ అంటుకుంటుంది.

మొక్క వాడిపోతే

ముందు మట్టిలో వేలు గుచ్చి చూడండి. పొడిగా ఉంటే నీరు పోయండి. తడి ఉన్నా మొక్క వాడిందంటే నీరు ఎక్కువైందేమో. వేరుకు గాలి అందక కుళ్ళుతుంది. నీరు ఆపండి. మడిలో నీరు నిలవకుండా కాలువ తీయండి.

పచ్చగా ఉన్న మొక్క ఒక్కసారిగా వాలిపోయిందా? కాండం మొదలు కోసి, గాజు గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. కోసిన చోట నుంచి పాల లాంటి దారం దిగితే అది ఎండు తెగులు. ఆ మొక్క బతకదు. ఆ గోతిలో మళ్ళీ మిరప వేయకండి. వంగ, టమాటా కూడా వద్దు. అవి మిరపకు చుట్టాలు. చుట్టాల జబ్బు చుట్టాలకు అంటుతుంది.

ముక్కాం లాంటి సముద్రపు ఊళ్ళలో ఇంకో సంగతి చూడాలి. నూతి నీరు ఉప్పగా ఉంటే ఆకు అంచులు మాడతాయి. అలాంటి చోట వాన నీరు, బియ్యం కడిగిన నీరు పోయండి.

పూత రాలితే

ఎండ మండుతున్నా, నీరు చాలకపోయినా పూత రాలుతుంది. యూరియా ఎక్కువ వేసినా రాలుతుంది. ఆకు బాగా వస్తుంది, కాయ రాదు. పెరటి మొక్కకు బాగా మాగిన గత్తం చాలు.

ఇంటి మందు

50 గ్రాముల వేప పప్పు దంచండి. గుడ్డలో మూట కట్టండి. ఒక లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న మూట పిండి, నీరు వడకట్టండి. చిటికెడు సబ్బు పొడి కలపండి. సాయంత్రం చల్లండి. ఆకు వెనక తప్పక తడవాలి. వారం తరవాత మళ్ళీ చల్లండి. ఇది తామర పురుగుల మీద, పేనుబంక మీద పని చేస్తుంది. నల్లికి గంధకం మందు మంచిది. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లండి.

విషం డబ్బా, చదువు

పొలానికి తెచ్చిన పురుగు మందు మిగిలిందని పెరట్లో చల్లకండి. పెరట్లో పిల్లలు ఆడతారు. కోళ్ళు తిరుగుతాయి. ఆ కాయ రేపే మన కూరలో పడుతుంది.

డబ్బా మీద రంగు గుర్తు చూడండి. ఎరుపు అయితే అతి విషం. పసుపు అయితే ఎక్కువ విషం. నీలం అయితే ఒక మాదిరి విషం. ఆకుపచ్చ అయితే తక్కువ విషం. తక్కువ అయినా విషం విషమే. డబ్బాతో పాటు కాగితం ఇస్తారు. అందులో తెలుగులో కూడా ఉంటుంది. ఏ పంటకు, ఎంత, చల్లాక ఎన్ని రోజులకు కాయ కోయాలి, అన్నీ రాసి ఉంటాయి. నిన్నటి దాకా ఆ కాగితం ఇంకొకరు చదివి చెప్పాలి. ఇవాళ మనమే చదవగలం. నెమ్మదిగా అయినా చదవండి. అర్థం కాకపోతే రైతు సేవా కేంద్రంలో అడగండి. కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు పడదు. తెలుగులో మాట్లాడతారు.

చెప్పండి చూద్దాం

1. పై ముడత ఏ పురుగు వల్ల వస్తుంది?
2. వైరస్ వచ్చిన మొక్కను ఏం చేయాలి? ఎందుకు?
3. డబ్బా మీద ఎర్ర గుర్తు ఉంటే ఏమని అర్థం?
4. "ముట్టు పిల్ల వల్ల మొక్క చచ్చింది" అని ఎవరైనా అంటే, మీరు ఏం చూపిస్తారు? ఏం చెబుతారు?