పోలి వత్తి, అరటి దొప్ప

కార్తీక అమావాస్య మరునాడు, అంటే మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజామున, మన కృష్ణా డెల్టాలోని కాలువ రేవులు దీపాలతో నిండిపోతాయి. పోలి స్వర్గానికి వెళ్ళిన రోజుగా స్త్రీలు ఆచరించే పర్వదినమది. అత్తగారు పెద్దకోడళ్ళను వెంటబెట్టుకొని నదీస్నానానికి వెళ్తూ, చిన్నకోడలైన పోలికి దీపసామగ్రి ఏదీ దక్కనివ్వలేదని కథ. పోలి పెరటి పత్తిచెట్టు నుండి దూది తీసి వత్తి చేసుకొన్నది. కవ్వానికి అంటిన వెన్నతో దానిని వెలిగించి, ఎవరి కంటా పడకుండా బుట్ట బోర్లించింది. దేవతలు ఆమెను బొందితో స్వర్గానికి తీసుకొనిపోయారు. విమానం సంగతి అందరికీ గుర్తుంటుంది. పత్తిచెట్టును, కవ్వాన్ని మాత్రం మరచిపోతాము.

నేడు వత్తులు, దొప్పలు అన్నీ అంగడిలోనే దొరుకుతున్నాయి. వాటిలో థర్మోకోల్ దొప్పలూ ఉన్నాయి. కృత్తివెన్ను ప్రాంతీయులకు వీటి సంగతి విడిగా చెప్పనక్కరలేదు. మనది కాలువల చివరి భాగం, భూగర్భజలం ఉప్పన, కాలువ నీటితో నింపుకొన్న చెరువే తాగునీటికి ఆధారం. ఎగువ రేవులలో వదిలినది దిగువకు చేరక తప్పదు. థర్మోకోల్ కుళ్ళదు, పూసలు పూసలుగా విడిపోతుంది. చెరువుకు చేరనిది ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుండి నిషేధించింది. నిషేధం మాట అలా ఉంచి, పుణ్యానికి వదిలిన దీపం మరొక ఊరి మంచినీళ్ళ చెరువులో చెత్తగా తేలడం ఏ భక్తునికీ సమ్మతం కాదు గదా!

అరటిచెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోసిన తరువాత బోదెను ఎలాగూ నరికివేస్తారు. దాని పై పొరలను ఊడదీసి జానెడు ముక్కలుగా కోస్తే అవే దొప్పలు. పొరను అడ్డంగా కోసి చూడండి, తేనెపట్టు వంటి చిన్న చిన్న గదులు కనబడతాయి. వాటిలోని గాలి వల్లనే దొప్ప తేలుతుంది. అంచులు విచ్చుకోకుండా రెండు చివరల కొబ్బరి ఈనె ముక్కలు అడ్డంగా గుచ్చాలి. మధ్యలో తడి బియ్యప్పిండి ముద్దను బొటనవ్రేలితో నొక్కి ప్రమిదగా కూర్చోబెట్టాలి. పిండిని చేపలు తింటాయి, దొప్ప కొద్దికాలానికే కుళ్ళిపోతుంది. దివిసీమ లంకలలో అరటికి కొదువ లేదు. మన ఉప్పునేలల వైపు అంత సులభం కాకపోవచ్చు. అయినా ఒక్క బోదె వీధిలోని అన్ని ఇళ్ళకూ సరిపోతుంది. కొందరు కొబ్బరి చిప్పలు వదులుతున్నారు. అవి తేలుతాయి గాని త్వరగా కుళ్ళవు. చిప్పను ఇంటి తులసికోట వద్దనే ఉంచడం మేలని నా అభిప్రాయం.

నీటిలో వదిలే దీపానికి నూనె పోయవద్దు. దొప్ప ఒరిగితే నూనె నీటిపై తెట్టుగా పరచుకొంటుంది. అందుకు పువ్వొత్తే తగినది. చిన్న దూది పింజను విప్పి, నడుమ భాగాన్ని పైకి లాగి కొనగా నులిమి, కరిగిన నేతిలో నానబెట్టి చల్లార్చాలి. అడుగున విచ్చుకొన్న దూదే నేతిని పట్టి ఉంచుతుంది.

పొడవు వత్తికి గింజలు తీసిన దూదిని పలుచగా సాగదీసి, అరచేతుల మధ్య గాని, బోర్లించిన కంచం మీద గాని నులమాలి. వ్రేళ్ళకు కాసింత విభూతి గాని, పచ్చిపాలు గాని అద్దుకొంటే పీచు విడిపోదు. నులుము మరీ బిగిస్తే నూనె పైకి ఎక్కదు. మరీ వదులైతే నూనెను ఎక్కువగా లాగి పొగ చిమ్ముతుంది. నిజానికి వెలుగుతున్నది దూది కాదు, పీచుల సందుల గుండా ఎగబ్రాకి వేడికి ఆవిరైన నూనె. నూనె ఉన్నంతసేపు వత్తి మెల్లగానే తరుగుతుంది.

దేవాలయానికి వత్తులు సమర్పించే దాతలకు ఒక విన్నపం. పెట్టెలలో వచ్చే వత్తులన్నీ నూలువి కావు. ఒక పోగును వెలిగించి చూస్తే తెలిసిపోతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే కరిగి నల్లని గట్టి పూస కడుతుంది. అటువంటి వత్తి సరిగా వెలగదు, మసి గర్భాలయం గోడలకు పడుతుంది. ఆ మసిని తుడవడం ఎంత శ్రమో అర్చకస్వాములను అడిగితే చెబుతారు. పెద్ద పెట్టె కంటే గుప్పెడు ఇంటి వత్తులు, లేదా శుభ్రమైన దూది ఇచ్చినా చాలు.

కార్తీక పౌర్ణమి నాడు వెలిగించే 365 వత్తుల కట్టను కూడా ఇంటిలోనే చేయవచ్చు. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులకు బదులుగా దీనిని వెలిగిస్తారు. లెక్క తప్పకుండా ఇరవై పోగుల చొప్పున 18 చిన్న కట్టలు కట్టి, చివర 5 పోగులు చేర్చాలి. రోజుకొక కట్ట చొప్పున పిల్లల చేత చేయిస్తే పంతొమ్మిదవ రోజుకు పని పూర్తవుతుంది. కట్టను ముందునాటి రాత్రే నేతిలో నానబెట్టండి. ఇంత పెద్ద కట్టకు మంట ఎత్తుగా లేస్తుంది గనుక వెడల్పాటి మట్టి మూకుడులో పెట్టి, చీర కొంగు, పిల్లల జుట్టు దరికి రాకుండా చూసుకోండి.