జాయిన్ (యునిక్స్ ఆదేశం)

జాయిన్ అనేది యునిక్స్, లినక్స్ వంటి నిర్వహణ వ్యవస్థలలో కమాండు లైను నుండి వాడే ఒక ఆదేశం. రెండు పాఠ్య ఫైళ్లలో ఉమ్మడిగా ఉన్న ఒక ఫీల్డును సరిపోల్చి, ఆ ఫీల్డు విలువ సమానంగా ఉన్న పంక్తులను ఒకే పంక్తిగా కలిపి చూపించడం దీని పని. ఒక ఫైల్లో హాజరు సంఖ్య, విద్యార్థి పేరు, మరొక ఫైల్లో హాజరు సంఖ్య, మార్కులు ఉన్నాయనుకుంటే, హాజరు సంఖ్య ఆధారంగా పేరును, మార్కులను పక్కపక్కన చేర్చడం ఇటువంటి పనే. జత దొరకని పంక్తులను ఈ ఆదేశం మామూలుగా ఏమీ చెప్పకుండానే వదిలివేస్తుంది. అందువల్ల జాబితాలు తయారు చేసేవారు దీని స్వభావాన్ని ముందుగా తెలుసుకోవడం అవసరం.

చరిత్ర

రెండు పట్టికలను ఉమ్మడి విలువ ఆధారంగా కలపడం అనే భావనను ఇ. ఎఫ్. కాడ్ 1970లో ప్రచురించిన రిలేషనల్ నమూనాలో వివరించాడు. డేటాబేసులలో ఈ ప్రక్రియకు జాయిన్ అనే పేరే స్థిరపడింది. ఇదే పనిని మామూలు పాఠ్య ఫైళ్లపై చేసే జాయిన్ ఆదేశం, బెల్ ల్యాబ్స్ నుండి 1979లో వెలువడిన యునిక్స్ ఏడవ సంచికలో ఉంది. తరువాత ఇది పోసిక్స్ ప్రమాణంలో చేరింది. లినక్స్‌లో సాధారణంగా కనిపించే గ్నూ కూర్పును మైక్ హేర్టెల్ రాశాడు. అది ప్రస్తుతం గ్నూ కోర్‌యుటిల్స్ అనే ఉపకరణాల సముదాయంలో భాగం.

ఒక ఉదాహరణ

ఆదేశం పేరును కంప్యూటరులో రోమన్ లిపిలో, చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ఇక్కడ చదవడానికి అనువుగా తెలుగు లిపిలో ఇవ్వబడింది. పల్నాడు ప్రాంతపు పట్టణాల పిన్‌కోడ్లు "ఊళ్లు" అనే ఫైల్లో ఈ విధంగా ఉన్నాయనుకుందాం:

522413 పిడుగురాళ్ల
522415 గురజాల
522426 మాచర్ల
522601 నరసరావుపేట

పిన్‌కోడ్, రెవెన్యూ డివిజన్ పేరు "డివిజన్లు" అనే రెండవ ఫైల్లో ఉన్నాయి:

522413 గురజాల
522415 గురజాల
522426 గురజాల
522647 నరసరావుపేట

"జాయిన్ ఊళ్లు డివిజన్లు" అని ఆదేశం ఇస్తే వచ్చే ఫలితం:

522413 పిడుగురాళ్ల గురజాల
522415 గురజాల గురజాల
522426 మాచర్ల గురజాల

మొదట ఉమ్మడి ఫీల్డు, తరువాత మొదటి ఫైలులోని మిగిలిన ఫీల్డులు, ఆ తరువాత రెండవ ఫైలులోని మిగిలిన ఫీల్డులు వరుసగా వస్తాయి. నరసరావుపేట పట్టణపు పిన్‌కోడ్ 522601 రెండవ ఫైల్లో లేదు. వినుకొండ పిన్‌కోడ్ 522647 మొదటి ఫైల్లో లేదు. అందువల్ల ఆ రెండు పంక్తులూ ఫలితంలో కనిపించవు. జిల్లా కేంద్రమే జాబితా నుండి జారిపోయినా తెరపై ఏ హెచ్చరికా రాదు.

పనిచేసే విధానం

జాయిన్ రెండు ఫైళ్లనూ పై నుండి కిందికి ఏకకాలంలో చదువుతుంది. రెండింటిలోని ఉమ్మడి విలువలను పోల్చి, సమానమైతే కలుపుతుంది. సమానం కాకపోతే, చిన్న విలువ ఉన్న ఫైలులో తరువాతి పంక్తికి వెళుతుంది. వెనుకకు తిరిగి వెతకడం ఉండదు. కనుక రెండు ఫైళ్లూ ఉమ్మడి ఫీల్డు ప్రకారం ముందే క్రమంలో అమర్చి ఉండాలి. ఈ పనికి సార్ట్ అనే ఆదేశాన్ని వాడతారు. ఒకసారికి కొద్ది పంక్తులు మాత్రమే జ్ఞాపకంలో ఉంచుకుంటే చాలు కాబట్టి చాలా పెద్ద ఫైళ్లను కూడా తక్కువ మెమరీతో కలపవచ్చు.

ఇక్కడ క్రమం అంటే అక్షరాల క్రమమే కాని సంఖ్యల క్రమం కాదు. పల్నాడు జిల్లాలోని 28 మండలాలకు 1 నుండి 28 వరకు వరుస సంఖ్యలు ఇస్తే, జాయిన్ దృష్టిలో 1 తరువాత 10, 11 వచ్చి, 19 తరువాత 2 వస్తుంది. ఒక ఫైల్లో 8, 9, 10, రెండవ ఫైల్లో 8, 10 ఉన్నాయనుకుంటే, 9 కంటే 10 చిన్నదని భావించి జాయిన్ రెండవ ఫైల్లో ముందుకు వెళుతుంది. దానితో రెండింటిలోనూ ఉన్న 10 సైతం జత కాకుండా పోతుంది. ఇటువంటి క్రమభంగాన్ని గ్నూ కూర్పు గుర్తించి హెచ్చరిస్తుంది. సంఖ్యలను 01, 02 అని సమానమైన అంకెలతో రాస్తే ఈ చిక్కు ఉండదు. పిన్‌కోడ్లన్నీ ఆరంకెలవే కనుక వాటితో ఈ ఇబ్బంది రాదు.

ముఖ్యమైన ఐచ్ఛికాలు

హైఫన్ 1, హైఫన్ 2: మొదటి, రెండవ ఫైళ్లలో ఉమ్మడి ఫీల్డు ఎన్నవదో తెలుపుతాయి. చెప్పకపోతే మొదటి ఫీల్డునే తీసుకుంటుంది.

హైఫన్ టి: ఫీల్డులను వేరుచేసే గుర్తును తెలుపుతుంది. కామాలతో వేరుచేసిన ఫైళ్లకు ఇది అవసరం. అయితే ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్న కామాను జాయిన్ ప్రత్యేకంగా గుర్తించదు.

హైఫన్ ఎ: జత అయిన పంక్తులతో పాటు, పేర్కొన్న ఫైలులో జత దొరకని పంక్తులను కూడా చూపుతుంది. పై ఉదాహరణలో "హైఫన్ ఎ 1" ఇస్తే నరసరావుపేట పంక్తి ఫలితంలో చేరుతుంది.

హైఫన్ వి: జత దొరకని పంక్తులను మాత్రమే చూపుతుంది.

హైఫన్ ఓ, హైఫన్ ఇ: ఏయే ఫీల్డులు ఏ వరుసలో రావాలో మొదటిది, ఖాళీ ఫీల్డులో ఏమి రాయాలో రెండవది నిర్ణయిస్తాయి.

ఉమ్మడి ఫీల్డు ఎంపిక

పేర్ల ఆధారంగా ఫైళ్లను కలపడం తెలుగులో మరింత కష్టం. పిడుగురాళ్ల అని ళకు లవత్తు ఇచ్చి రాసేవారు, పిడుగురాళ్ళ అని ళవత్తు ఇచ్చి రాసేవారు ఇద్దరూ ఉన్నారు. నరసరావుపేట, నర్సరావుపేట అనే రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. సత్తెనపల్లి, సత్తెనపల్లె అనేవి కూడా అటువంటివే. మనిషి వీటిని ఒకే ఊరుగా గుర్తిస్తాడు. జాయిన్ మాత్రం వేర్వేరు విలువలుగానే పరిగణిస్తుంది. పొల్లు తరువాత వత్తు ఏర్పడకుండా యూనికోడ్‌లో చేర్చే అదృశ్య అక్షరం ఒక ఫైల్లో ఉండి మరొకదానిలో లేకపోయినా జత కుదరదు. విండోస్‌లో తయారైన ఫైళ్లలో పంక్తి చివర కంటికి కనిపించని అదనపు గుర్తు ఉంటుంది. ఉమ్మడి ఫీల్డు పంక్తిలో చివరిదైతే ఆ గుర్తు కూడా జతను చెడగొడుతుంది.

జిల్లా పేరును ఉమ్మడి ఫీల్డులో భాగం చేయడం వల్ల కూడా సమస్య వస్తుంది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడదీసి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లాను ఏర్పాటు చేశారు. అంతకు ముందరి జాబితాలలో మాచర్ల గుంటూరు జిల్లాలోనిది, తరువాతి జాబితాలలో పల్నాడు జిల్లాలోనిది. ఊరు పేరు, జిల్లా పేరు కలిపి పోల్చితే పాత, కొత్త జాబితాలలో మాచర్లకు జత దొరకదు. 1972 ఆగస్టు 15న దేశంలో ప్రవేశపెట్టిన పిన్‌కోడ్ తపాలా శాఖ ఇచ్చినది కనుక, జిల్లా మారినా మాచర్లకు 522426 అలాగే కొనసాగింది. పేర్ల కంటే సంకేత సంఖ్యలు మేలనడానికి ఇది మంచి నిదర్శనం.

అయితే ఒకే పిన్‌కోడ్ కింద అనేక గ్రామాలు ఉంటాయి. ఒక విలువ మొదటి ఫైల్లో మూడు పంక్తులలో, రెండవ ఫైల్లో నాలుగు పంక్తులలో ఉంటే జాయిన్ 12 పంక్తులు ఇస్తుంది. గ్రామాల స్థాయిలో కలపాలంటే ప్రతి గ్రామానికీ వేరుగా ఉండే సంఖ్య కావాలి.

జాగ్రత్తలు

పింఛన్లు, ఉపకార వేతనాలు, ఓటర్ల వివరాల వంటి జాబితాలలో ఒక పంక్తి అంటే ఒక మనిషి. అక్షరభేదం వల్ల పంక్తి జారిపోతే, ఫలితాన్ని మాత్రమే చూసేవారికి ఆ లోపం తెలిసే అవకాశం లేదు. కాబట్టి ఫలితాన్ని వాడుకునే ముందు "హైఫన్ వి 1", "హైఫన్ వి 2" లతో జత దొరకని పంక్తులను రెండు వైపుల నుండీ తీసి చూడాలి. అవి నిజంగానే జత లేనివా, రాతలో తేడా వల్ల మిగిలినవా అని ఒక్కొక్కటిగా పరిశీలించాలి. సార్ట్, జాయిన్ రెండింటినీ ఒకే భాషా అమరికలో నడపడం కూడా తప్పనిసరి.

ఇతర ఆదేశాలు

పేస్ట్ అనే ఆదేశం విలువలను పోల్చకుండా మొదటి పంక్తికి మొదటిది, రెండవదానికి రెండవది చొప్పున అతికిస్తుంది. ఒక్క పంక్తి తప్పినా ఆ తరువాతివన్నీ తప్పుతాయి. ఆక్ అనే భాషలో చిన్న ప్రోగ్రాము రాసి, క్రమంలో లేని ఫైళ్లను కూడా కలపవచ్చు. కాని అందులో ఒక ఫైలును సాధారణంగా మెమరీలో ఉంచవలసి వస్తుంది.