పెట్టెపై అంకె, పెట్టెలో శక్తి

1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమరువరకు ఇంజనును చేతితో హ్యాండిలు త్రిప్పి నడిపింపవలసి వచ్చెడిది. ఆ శ్రమ తొలగినది గాని, నాటినుండి బ్యాటరీ నీరసించినచో కారు కదలదు. అట్టి వేళ ఆదుకొనుటకై నేడు జంప్ స్టార్టరు అను చిన్న పెట్టె అంగళ్లలో దొరకుచున్నది. కొన్నింటిలో టైరుకు గాలి కొట్టు పంపు కూడ ఇమిడియుండును.

పెట్టెపై పెద్ద అక్షరములతో కనిపించు ఆంపియర్ల సంఖ్య క్షణకాలపు గరిష్ఠ ప్రవాహము మాత్రమే. లోపల ఎంత శక్తి నిలువయున్నదో విచారింపవలెను. 20,000 మిల్లీ ఆంపియర్-అవర్లని వ్రాసియున్నచో, అది సాధారణముగా లిథియం ఘటపు 3.7 వోల్టులపై వేసిన లెక్క; అనగా 74 వాట్-అవర్లు. విద్యార్థులు గుణించి చూచుకొనవచ్చును. ఇంజనుకును పంపునకును ఆ నిలువయే ఆధారము గనుక, రెండును అవసరమైననాడు ముందుగా ఇంజనును నడిపించుటయే వివేకము. డీజిలు బండికి మరింత బలము కావలెను.

పంపు కోరిన ఒత్తిడికి తానే ఆగునదైన చాలును.

రోహిణీకార్తె ఎండలో నిలిపిన కారు లోపలి వేడిమి లిథియం ఘటమునకు పరమశత్రువు. అయినను కొన్నవారిలో చాలమంది దానిని డిక్కీలో పడవేసి మరచెదరు. ఏండ్ల తరబడి ఛార్జి చేయని పెట్టె, అర్ధరాత్రి పిల్లలతో రహదారిపై నిలిచిపోయిననాడు బ్యాటరీతోపాటు తానును మూగవోవును. ధన ఋణ ధ్రువములకు క్లిప్పులు తారుమారుగా తగిలించినపుడు ప్రవాహమును ఆపు రక్షణ కలదో లేదో మాత్రము అంగడిలోనే అడిగి తెలిసికొనవలెను.