గడ్డిమోపుల యంత్రం

మా ప్రత్తిపాటి మెట్టలో పండేవి మిరపా, ప్రత్తీ. వాటి కట్టె పొయ్యిలోకే గాని గేదె మేతకు పనికిరాదు. మేత కావాలంటే తెనాలి, బాపట్ల మాగాణులకు పోవలసిందే. అక్కడా కోతయంత్రాలు వచ్చాక పనలూ కుప్పలూ తగ్గిపోయాయి. వరిగడ్డి వరుసలుగా చేలో పడివుంటుంది. ఏరే కూలీలు దొరక్క కొందరు తగలబెడుతున్నారు.

ఆ గడ్డిని గుండ్రంగా చుట్టి మోపుకట్టే యంత్రం కొందామని నేనూ, మా బాబాయీ బయలుదేరాం. ఇటువంటిది అమెరికాలో 1947లోనే అమ్మకానికి వచ్చింది. ట్రాక్టరు వెనుక తగిలిస్తే ఇనుపపళ్ళు గడ్డిని ఎత్తి లోపలికి తోస్తాయి. రోలర్లు దాన్ని చాపలా చుట్టి బిగిస్తాయి. పైన పురికొస చుట్టుకుని తెగుతుంది. వెనుక తలుపు తెరుచుకుని మోపు దొర్లిపడుతుంది.

గంటకెన్ని మోపులో అమ్మేవాడు గుక్కతిప్పకుండా చెప్పాడు. నేను మురిసిపోయాను.

"అది సరే అబ్బాయ్, గొలుసు తెగితే కొత్తది ఏ వూళ్ళో దొరుకుతుంది? బాగుచేసే మనిషి ఎన్నాళ్ళకు వస్తాడు?" అన్నాడు బాబాయి.

అతను కప్పువంక చూశాడు.

బాబాయి బాధ నాకు తెలుసు. నిరుడు అద్దె యంత్రం గొలుసు తెగి నాలుగురోజులు చేలో నిలబడింది. ఐదోనాడు వాన. తడిగడ్డి మోపుకడితే లోపల వేడెక్కి బూజుపడుతుంది. మేత పోయింది, రెండు పాడిగేదెల్లో ఒకదాన్ని అమ్ముకున్నాం.

చివరకు మరోచోట, కాస్త నెమ్మదిగా నడిచినా సామాను గుంటూరులోనే దొరికే యంత్రం కొన్నాం. ముందుగా చేలో నడిపించి, పురికొస సరిగా తెగుతున్నదా, మోపు ఎత్తితే విడిపోతున్నదా అని చూశాకే డబ్బిచ్చాం.

పిన్ని ధర అడగలేదు. "పోయిన గేదె ఎలాగూ రాదు. ఉన్నదన్నా నిలుస్తుందా?" అంది.