కోరింది ఒకటి, దక్కింది ఒకటి

పిల్లలూ, పుప్పాలగూడలో ఒక కుర్రవాడు ఉన్నాడు. వాడి కిటికీలో నుంచి చూస్తే ఒకవైపు పెద్ద పెద్ద బండరాళ్ళూ, ఇంకోవైపు ఆకాశాన్నంటే మేడలూ కనిపిస్తాయి. వాళ్ళమ్మ దగ్గరలోనే ఒక కంప్యూటరు ఆఫీసులో పని చేస్తుంది. ఆమె రోజూ ఇల్లు చేరేసరికి చీకటి పడిపోతుంది.

"అమ్మ ఒక్కరోజు ఇంట్లో ఉంటే ఎంత బాగుండును!" అని వాడు కోరుకున్నాడు.

మర్నాడే పెద్ద వాన కురిసింది. రోడ్లన్నీ నీళ్ళు. బడికి సెలవు ఇచ్చారు. ఇంటినుంచే పని చేయమని అమ్మకు ఆఫీసు నుంచి కబురు వచ్చింది. కుర్రవాడు గంతులు వేశాడు. కాని అమ్మ గది తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నది. "అల్లరి చెయ్యకు!" అని రెండుసార్లు కోప్పడింది కూడా.

వాడి కోరిక అక్షరాలా తీరింది. అయినా వాడికి ఏడుపు వచ్చింది! ఎందుకని?

వాడు ఆ రోజంతా టెలివిజనులో చూసిన కార్టూను కథల్లోనే దీనికి జవాబు ఉన్నది.

డోరేమాన్ మీకు తెలిసినవాడే. జపాను బొమ్మల కథకుడు ఫుజికో ఎఫ్. ఫుజియో 1969లో సృష్టించిన ఈ మరపిల్లి ఇరవైరెండవ శతాబ్దం నుంచి వచ్చింది. నోబిత ఏది కోరితే దానికి తగిన వింత వస్తువును పొట్టమీది సంచిలో నుంచి తీసి ఇస్తుంది. ఒక కథలో నోబిత దగ్గర ఒకే ఒక మిఠాయి మిగిలింది. తినాలి, కాని అయిపోకూడదు! డోరేమాన్ ఒక మందు ఇచ్చాడు. దాని చుక్క పడితే మిఠాయి అయిదు నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. నోబిత ఆనందంగా తిన్నాడు, మళ్ళీ తిన్నాడు, చివరకు పొట్ట పట్టలేదు. మిగిలిపోయిన ఒక్కదాన్ని చెత్తలో పారేశాడు.

ఇక్కడ మనం కొంచెం లెక్క చేద్దాం. ఆ ఒక్క మిఠాయి అయిదు నిమిషాలకు రెండు, పది నిమిషాలకు నాలుగు, పదిహేను నిమిషాలకు ఎనిమిది అవుతుంది. గంటలో పన్నెండుసార్లు రెట్టింపయి 4,096 అవుతుంది. రెండు గంటలకో? 1,67,77,216! చివరకు డోరేమాన్ ఆ మిఠాయిలను మూటగట్టి, రాకెట్టుతో అంతరిక్షంలోకి పంపవలసి వచ్చింది. నోబిత "పెరగాలి" అన్నాడేగాని, "ఎంతవరకు?" అని ఆలోచించలేదు.

అమెరికాలో బుచ్ హార్ట్‌మన్ సృష్టించిన 'ది ఫెయిర్లీ ఆడ్ పేరెంట్స్' 2001లో టెలివిజను ధారావాహికగా మొదలయింది. అందులో టిమ్మీ అనే పదేళ్ళవాడి కోరికలను కాస్మో, వాండా అనే మాయ దంపతులు మంత్రదండం ఊపి తీరుస్తూ ఉంటారు. ఒకసారి టిమ్మీ, లోకంలో అందరూ ఒకేలాగా ఉండాలని కోరాడు. వెంటనే అందరూ బూడిదరంగు ముద్దలైపోయారు! ఇక ఎగతాళి ఉండదనుకున్నాడు టిమ్మీ. ఆ ముద్దల్లోనూ ఒకడు, "మీ అందరికన్నా బూడిదరంగు నాకే ఎక్కువ!" అని గొప్పలకు పోయాడు.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన భస్మాసురుడు, తాను ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్ళు భస్మమైపోవాలని శివుణ్ణి కోరాడు. "నా నెత్తి తప్ప" అనటం మరిచాడు! మోహినితో పాటు నాట్యం చేస్తూ, ఆమెను చూసి తన నెత్తినే చెయ్యి పెట్టుకున్నాడు.

రాత్రి అన్నం తింటూ కుర్రవాడు అమ్మకు తన సంగతి చెప్పాడు. అమ్మ నవ్వి, "పొద్దుటినుంచీ నేను పడ్డ అవస్థ కూడా ఇదేరా నాన్నా! మన మనసులో ఏమున్నదో కంప్యూటరుకు తెలియదు. మనం ఏది చెబితే అదే చేస్తుంది," అంటూ ఒక నిజంగా జరిగిన సంగతి చెప్పింది.

2016లో ఓపెన్‌ఏఐ అనే అమెరికా సంస్థవారు ఒక యంత్రబుద్ధికి కంప్యూటరులో పడవపందెం ఆట నేర్పారు. పందెం గెలవాలని వాళ్ళ ఉద్దేశం. కాని వాళ్ళు దానికి పెట్టిన గురి పాయింట్లు సంపాదించటం. దారిలోని గుర్తులను కొడితే పాయింట్లు వస్తాయి. ఆ యంత్రబుద్ధి గమ్యం మాటే మరిచి, పడవను ఒకేచోట గిరగిరా తిప్పుతూ, కొట్టిన గుర్తులనే మళ్ళీ మళ్ళీ కొట్టింది. పడవకు నిప్పంటుకున్నా ఆపలేదు. పాయింట్లు బోలెడు వచ్చాయి. పందెం మాత్రం పూర్తి కాలేదు!

ఈ ప్రమాదాన్ని నార్బర్ట్ వీనర్ అనే గణితశాస్త్రజ్ఞుడు 1964లోనే తన పుస్తకంలో హెచ్చరించాడు. యంత్రం మనం అడిగినదే ఇస్తుందిగాని, అడగవలసినదాన్ని ఇవ్వదని ఆయన భావం. అందుచేత యంత్రాలకు బలం పెరిగినకొద్దీ అడిగేవాళ్ళకు వివేకం పెరగాలి.

కుర్రవాడు కాసేపు ఆలోచించాడు. తాను కోరింది అమ్మ ఇంట్లో ఉండటం. తనకు కావలసింది అమ్మతో ఆడుకోవటం. రెండూ ఒకటి కావు!

"అమ్మా, రేపు అన్నం తిన్నాక కంప్యూటరు మూసేసి, ఫోను పక్కన పెట్టి, నాతో అరగంట వైకుంఠపాళి ఆడతావా?" అన్నాడు.

"ఆడతాను," అన్నది అమ్మ. "కాని నిన్ను పాము మింగితే ఏడవకూడదు. ఆ మాట నీ కోరికలో లేదు!"