గ్రాహకాన్ని కుదురుగా నిలబెట్టేదెవరు?

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసుల్లో ఆవకాయ సీసా పక్కన ఆస్థాలిన్ ఇన్హేలర్ కూడా కనిపిస్తూ ఉంటుంది. అక్కడ సాల్బ్యుటమాల్ అనీ, ఇక్కడ అమెరికాలో ఆల్బ్యుటెరాల్ అనీ పిలిచేది ఒకే మందుని. ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరాల కణాల మీద బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్ అనే ప్రోటీను ఉంటుంది. మందు వెళ్ళి దానికి అతుక్కుంటే కండరం సడలుతుంది, గొట్టం తెరుచుకుంటుంది. ఈ మందు 1969లోనే బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. అది అతుక్కునే రిసెప్టరు ఆకారాన్ని మాత్రం 2007 దాకా ఎవరూ చూడలేదు. అంటే 38 ఏళ్ళపాటు లోపలి కోడ్ చూడకుండానే ఏపీఐ వాడుకున్నామన్నమాట!

నేను పదో తరగతితోనే బయాలజీకి నమస్కారం పెట్టి ఎంపీసీలో చేరినవాణ్ణి. మీలో చాలామందిదీ అదే దారి కనుక, నాకు అర్థమైన వరుసలోనే చెబుతాను.

రిసెప్టర్‌ని తెలుగులో గ్రాహకం అంటారు. బీటా-2 ఉన్న కుటుంబం పేరు జీపీసీఆర్. మన శరీరంలో ఈ రకం గ్రాహకాలు సుమారు 800 ఉన్నాయి. వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు వీటి మీదే పని చేస్తాయి. ఒక పొడుగాటి దారం కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలోంచి 7 సార్లు ఇటూ అటూ దూరినట్టు ఉంటుంది వీటి అమరిక. బయట హార్మోను వచ్చి తగిలితే, లోపల ఉన్న జీ-ప్రోటీనుకి కబురు అందుతుంది.

ప్రోటీను ఆకారం తెలుసుకోవడానికి పాత పద్ధతి ఎక్స్-రే క్రిస్టలోగ్రఫీ. కోట్ల కోట్ల అణువులు ఒకే భంగిమలో, పెరేడ్‌లో సైనికుల్లా వరసలు కట్టి స్ఫటికం కావాలి. అప్పుడే దాని మీద ఎక్స్-కిరణాలు వేసి, అవి చెదిరిన తీరుని బట్టి అణువు ఆకారం లెక్క కట్టగలం. గ్రాహకాలతో ఇక్కడ రెండు చిక్కులు. కొవ్వు పొరలోంచి బయటికి తీస్తే అవి నీటిలో నిలవవు. డిటర్జెంటులో ముంచి ఉంచాలి. ఆ నురగ గ్రాహకం నడుము చుట్టూ కప్పేస్తుంది కనుక, పక్కదానితో చెయ్యి కలపడానికి పైనా కిందా కొద్ది చోటే మిగులుతుంది. రెండో చిక్కు ఇంకా పెద్దది. గ్రాహకం పనే కదలడం. ముఖ్యంగా లోపలివైపు, 5వ సర్పిలానికీ 6వ దానికీ మధ్య ఉన్న మడత ఒక చోట నిలవదు. గ్రూప్ ఫోటోలో కుదురు లేని పిల్లాడి లాంటిది.

అలాంటి పిల్లాణ్ణి ఫోటో తీయాలంటే ఏం చేస్తాం? వాళ్ళమ్మని పక్కన కూర్చోబెట్టి పట్టుకోమంటాం. ఆ పని యాంటీబాడీ చేస్తుంది. కదిలే చోట అతుక్కుని దాన్ని నిలబెడుతుంది. పైగా తన ఒళ్ళు నురగలోంచి బయటికి పొడుచుకు వస్తుంది కనుక, స్ఫటికంలో పక్కవాటితో చెయ్యి కలపడానికి చోటు దొరుకుతుంది. జర్మనీలో హార్ట్‌ముట్ మిషెల్ బృందం 1995లోనూ, అమెరికాలో రోడరిక్ మెకినన్ బృందం 2001లోనూ పొరలో ఉండే వేరే ప్రోటీన్ల మీద ఈ ఉపాయం వాడారు.

స్టాన్‌ఫర్డ్‌లో బ్రయన్ కోబిల్కా బృందం దాన్ని బీటా-2 మీద ప్రయోగించింది. ఎలకలకి ఆ గ్రాహకాన్ని ఎక్కించి, అవి తయారుచేసిన యాంటీబాడీలని వడకట్టారు. ఈ వడపోతలో ఒక మెలిక ఉంది. మడతలు విడిపోయిన ప్రోటీనుకి కూడా అతుక్కునే యాంటీబాడీ పనికిరాదు. సరిగా మడత పడి ఉన్నదాన్నే గుర్తుపట్టాలి. ఆకారాన్ని గుర్తుపట్టేదే ఆకారాన్ని నిలబెట్టగలదు.

యాంటీబాడీని మొత్తంగా వాడరు. వై అక్షరంలా ఉండే దాని మధ్యలో కీలు ఉంటుంది, అదీ ఊగుతుంది. ఊగేదాన్ని ఆపడానికి ఇంకో ఊగేదాన్ని తెస్తే ఏం లాభం? అందుకని ఒక చెయ్యి మాత్రం కోసి వాడతారు. దాని పేరు ఫ్యాబ్. ఈ కోతకి మొదటి నుంచీ వాడుతున్న కత్తి పపైన్ అనే ఎంజైము. మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి రాస్తామే, అక్కడ పని చేసేదీ అదే!

2007లో ఫ్యాబ్ సాయంతో బీటా-2 నిర్మాణం వెలువడింది. స్పష్టత సుమారు 3.5 ఆంగ్‌స్ట్రాములు. సర్పిలాల దారి తెలిసింది గానీ, బయటివైపు భాగం మసకగానే ఉండిపోయింది. కొద్ది రోజుల్లోనే అదే బృందం, స్క్రిప్స్‌లోని రేమండ్ స్టీవెన్స్ బృందంతో కలిసి, ఆ కుదురులేని మడతని తీసేసి దాని చోట లైసోజైమ్ అనే వేరే ప్రోటీనుని అతికించి 2.4 ఆంగ్‌స్ట్రాముల బొమ్మ సాధించింది. ఆ పందెంలో అతుకే గెలిచిందని ఒప్పుకోవాలి. కాకపోతే అందులో ఆ మడత లేదు, ఫ్యాబ్ పద్ధతిలో ఉంది.

ఇవి రెండూ గ్రాహకం నిద్రపోతున్నప్పటి బొమ్మలు. మందు తగిలి మేలుకున్న బొమ్మ కావాలంటే కష్టం, ఎందుకంటే మందు ఒక్కటే దాన్ని ఆ భంగిమలో ఎక్కువసేపు ఉంచలేదు. లోపలి నుంచి జీ-ప్రోటీను కూడా పట్టుకోవాలి. ఇక్కడ ఒంటె జాతి జంతువులు వచ్చాయి. వాటిలో ఒక రకం యాంటీబాడీలకి తేలిక గొలుసులు ఉండవని బ్రసెల్స్ శాస్త్రవేత్తలు 1993లో ప్రకటించారు. వాటి కొస మాత్రం తీసుకుంటే నానోబాడీ. మామూలు యాంటీబాడీలో పదో వంతు ఉంటుంది, సందుల్లో దూరుతుంది. బ్రసెల్స్‌లోనే ఉన్న యాన్ స్టేయార్ట్, కోబిల్కాతో కలిసి, మందు పట్టుకుని ఉన్న గ్రాహకాన్ని లామాకి ఎక్కించి ఎన్‌బీ80 అనే నానోబాడీని సంపాదించారు. 2011 జనవరిలో మేలుకున్న బీటా-2 బొమ్మ వచ్చింది. 6వ సర్పిలం లోపలి కొస 11 ఆంగ్‌స్ట్రాములు బయటికి జరిగి ఉంది.

ఇక్కడ టెస్టింగ్ చేసే మనవాళ్ళకి వచ్చే అనుమానమే వాళ్ళకీ వచ్చింది. ఇది గ్రాహకం సొంత భంగిమా, లేక నానోబాడీ బలవంతంగా వంచిందా? డీబగ్గర్ తగిలిస్తే ప్రోగ్రాం ప్రవర్తన మారిపోవడం మనకి తెలిసిందే. ఒక సాక్ష్యం ముందే ఉంది: జీ-ప్రోటీను అతుక్కున్నప్పటిలాగే ఎన్‌బీ80 అతుక్కున్నా గ్రాహకం మందుని మరింత గట్టిగా పట్టుకుంటుంది. అసలు జవాబు అదే ఏడాది వచ్చింది. నిజమైన జీ-ప్రోటీనుతో కలిపి స్ఫటికం చేస్తే జరుగుడు 14 ఆంగ్‌స్ట్రాములు, మిగతా అమరిక దాదాపు అదే. ఆ స్ఫటికానికీ ఎన్‌బీ35 అనే ఇంకో నానోబాడీ కావలసి వచ్చిందనుకోండి, కానీ అది పట్టుకున్నది గ్రాహకాన్ని కాదు, జీ-ప్రోటీను ముక్కల్ని. 2012లో కోబిల్కాకీ, ఆయన గురువు రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్‌కీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఇప్పుడు చాలా పని క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి మారింది. స్ఫటికం అక్కర్లేదు. అణువుల్ని పలచటి మంచులో ఉంచి లక్షల బొమ్మలు తీస్తారు, ఒక్కోటి టీవీలో చుక్కల్లా ఉంటుంది. ఏ బొమ్మ ఏ కోణం నుంచి తీసిందో సాఫ్ట్‌వేరే పసిగట్టి, అన్నిటినీ కలిపి మూడు కొలతల్లో రూపం కట్టాలి. చిన్న గ్రాహకం నురగలో మునిగి ఉంటే బంతిలా కనిపిస్తుంది. బంతికి ముందేది, వెనకేది? దానికి ఒక ఫ్యాబ్ తగిలిస్తే బంతికి ముక్కు మొలిచినట్టు అవుతుంది, ఆల్గరిథమ్‌కి పట్టు దొరుకుతుంది. నా దృష్టిలో మనలాంటివాళ్ళకి ఈ కథలో అన్నిటికన్నా రుచికరమైన భాగం ఇదే: డేటాని శుభ్రం చేసే పని కోడ్‌లో కాకుండా పరీక్షనాళికలోనే జరిగిపోతోంది.

ఇక ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ఇదంతా ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. అది నేర్చుకున్నదే ఇలా కష్టపడి కట్టిన నిర్మాణాల నుంచి. పైగా ఒకే గ్రాహకానికి ఎన్నో భంగిమలుంటాయి, ఏ మందు దాన్ని ఏ భంగిమకి తోస్తుందో ప్రయోగంతో తేల్చుకోవాల్సిందే. అందుకే యాంటీబాడీల వేట ఆగలేదు. లామా కూడా అక్కర్లేకుండా, ఈస్ట్ కణాల మీద కోట్ల రకాల నానోబాడీలని పెంచి, మేలుకున్న గ్రాహకానికి అతుక్కుని నిద్రపోతున్నదాన్ని వదిలేసేవాటినే ఏరుకునే పద్ధతి 2018లో ప్రచురించారు. జంతువుకి టీకాలు వేసి నెలల తరబడి ఎదురుచూసే పని, ఇప్పుడు కొన్ని వారాల్లో బల్ల మీదే తేలిపోతోంది.