పరకాయ ప్రవేశము

క్రొత్త లాప్‌టాప్ కొనినవాని ఆనందము సాధారణముగా ఒక గంటకు మించి నిలువదు. మూత తెఱచినంతనే వెలుగు ఆ నిగనిగల తెరపై తనదన్నది ఒక్కటియు లేదనియు, పదేండ్లుగా మెల్లమెల్లగా అమర్చుకొనిన అక్షరముల పరిమాణము, తెలుగు కీబోర్డు, దాచుకొనిన పాస్‌వర్డులు, ఏ ఫైలు ఏ మూలనున్నదో చేతికే తెలిసియుండిన అలవాటు, ఇవన్నియు పాత యంత్రముననే నిలిచిపోయినవనియు గ్రహించుటకు ఆ గంట చాలును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగియుటచేతను, టీపీఎం 2.0 అను భద్రతా సౌకర్యము లేని యంత్రములను విండోస్ 11 అధికారికముగా అంగీకరింపకపోవుటచేతను, ఈ అవస్థ అనేక గృహములకు ఒక్కమారుగా వచ్చినది.

శంకరాచార్యులవారు అమరుక మహారాజు కళేబరమున ప్రవేశించిన కథ మనవారికి క్రొత్త కాదు. ఆపరేటింగ్ సిస్టమును దాని సమస్త సంస్కారములతో ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు తరలించుటయు అట్టి విద్యయే; కాని అది అన్ని సిస్టములకును సమానముగా అబ్బలేదు. విండోస్ పూర్వదేహమును తేలికగా విడువదు. లాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు సాధారణముగా ఆ మదర్‌బోర్డుతోనే ముడివడియుండును. బిట్‌లాకర్ తాళము వేసిన డిస్కును ఊడదీసి వేఱొక యంత్రమున బిగించినచో, అది 48 అంకెల రికవరీ కీని అడిగి కూర్చుండును. విస్టా నాట సెట్టింగులను మోసుకొనిపోవుటకు 'ఈజీ ట్రాన్స్‌ఫర్' అను పనిముట్టు ఉండెడిది. విండోస్ 10 వచ్చుసరికి అదియు లేకపోయెను. కావున విండోస్ వాడువారు క్రొత్త యంత్రముతో వచ్చిన సిస్టమునే యుంచుకొని, ఫైళ్లను బయటి డిస్కుకెక్కించి తెచ్చుకొనుటయే మేలని నా యభిప్రాయము.

హెల్సింకీ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సు సంగతి వేఱు. పరికరముల డ్రైవర్లు చాలవఱకు సిస్టమునకు గుండెకాయయగు కెర్నెల్‌తోనే వచ్చుచుండుటచే, అది ఏ దేహమున మేల్కాంచినను చుట్టు పరికించి, కన్నులేవో చెవులేవో తెలిసికొని పనికి దిగును. అంతకంటె సొగసైన విషయమేమనగా, వాడుకరి స్వయముగా చేసికొనిన సెట్టింగులు దాదాపు అన్నియు 'హోమ్' అను ఒక్క ఫోల్డరులో, చుక్కతో ఆరంభమగు పేర్లు గల ఫైళ్లలోను ఫోల్డరులలోను దాగియుండును. ఈ దాగుట వెనుక ఒక ముచ్చట కలదు. యూనిక్సు తొలినాళ్లలో ప్రతి ఫోల్డరు జాబితాయందును ఒంటిచుక్క, జంటచుక్క అను రెండు పేర్లు కనబడి విసుగు పుట్టించుచుండగా, వానిని మాత్రమే మఱుగుపఱచదలచినవారు, తొలి అక్షరము చుక్కయైన ప్రతి పేరును దాటవేయునట్లు తొందరలో ప్రోగ్రాము వ్రాసిరనియు, ఆ పొరపాటే కాలక్రమమున సంప్రదాయమై కూర్చున్నదనియు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ చెప్పియున్నాడు.

నేను మోసపోయినదియు ఆ చుక్కవద్దనే. 'అన్నియు' అను నర్థమున స్టార్ గుర్తు పెట్టి హోమ్‌లోనివన్నియు కాపీ చేసితిని. తెలుగున చుక్కయనినను నక్షత్రమే గాని, యంత్రలోకమున ఆ నక్షత్రము ఈ చుక్కను గుర్తింపదట! వ్యాసములు, ఫోటోలు, ఇంటి లెక్కలు అన్నియు వచ్చినవి. నా అలవాట్లు మాత్రము ఒక్కటియు రాలేదు. ఏండ్ల తరబడి స్పెల్‌చెక్‌కు నేర్పిన మాటలన్నింటి క్రింద ఎఱ్ఱగీతలు పడినవి. మా ఊరి పేరు సైతము తప్పని తేలినది.

పిమ్మట బుద్ధి తెచ్చుకొని, ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెర్రాస్ అనువారు 1996లో వెలువరించిన ఆర్‌సింక్ అను కాపీ పనిముట్టును ఆశ్రయించి, ఫైళ్ల అనుమతులు చెడకుండ సిస్టమంతయు మోయించితిని. క్రొత్త పార్టిషన్లకు గుర్తింపు సంఖ్యలు క్రొత్తవి గనుక, ఏ డిస్కును ఎచ్చట తగిలింపవలెనో చెప్పు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అను ఫైలును దిద్ది, సిస్టమును మేల్కొలుపు గ్రబ్ అను ప్రోగ్రామును మరల స్థాపించితిని. అంతయు లేచినది, కాని ప్రతి ఉదయమును సిస్టము 90 సెకండ్లు ఊరక నిలుచుచుండెను. పాత యంత్రమున స్వాప్ పార్టిషన్ ఒకటి యుండెడిది. క్రొత్తదానిలో దానిని నేను చేయలేదు, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో దాని పంక్తిని కొట్టివేయనులేదు. రాని చుట్టమునకు విస్తరి వేసి వీధివంక చూచు గృహస్థువలె నా యంత్రము ఆ లేని పార్టిషన్ కొఱకు నిరీక్షించుచుండెనన్నమాట. ఆ పంక్తి ముందు ఒక్క గుర్తు పెట్టగానే నిరీక్షణ తీరినది.

శంకరులవారి కథలో శిష్యులు గురువుగారి పూర్వదేహమును గుహయందు కాపాడుచుందురు. రాజభటులేమో దొరికిన కళేబరమునెల్ల దహింపబూనుదురు. మా యింటను అట్లే జరిగినది. పాతదానిని ఫార్మాట్ కొట్టి మేనల్లునికి ఇచ్చివేయుదమని ఇంటివారు రెండవ దినముననే తొందరపెట్టగా, ఒక నెల ఆగుడని నేను పట్టుపట్టితిని. ఇరువదియవ దినమున, ప్రెస్సువారు ఎన్నడో పంపిన ఫైలొకటి తెఱచితినిగదా, తెలుగునకు బదులు అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపు ప్రత్యక్షమైనది! యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు, ఏదో యొక తెలుగు ఫాంటు ఉన్న ప్రతిచోటను తెలుగుగనే యుండును. 'అను' అను పేరుగల ఫాంట్లలో కూర్చినది ఆ ఫాంటు లేనిచోట తన రూపమునే కోల్పోవును. ఆ ఫాంటు పాత లాప్‌టాప్‌లో నేను మఱచిపోయిన విండోస్ పార్టిషన్‌లో భద్రముగా నున్నది. దానిని పెన్‌డ్రైవ్‌కెక్కించి తెచ్చుకొని, ఆ సాయంకాలమే మేనల్లునికి కబురంపితిని.